మూస్తే ఏడ్చే కన్ను

పాప కెవ్వుమని తల్లి చేతిని తోసేసింది.

"మళ్లీ ఏడ్చింది అత్తయ్యా! ఎడమకన్ను మూస్తేనే ఏడుస్తోంది."

"ఏడుస్తుంటే మూయడం దేనికి?" అన్నారు అత్తగారు, ఉతికిన బట్టలు మడతపెడుతూ.

పిల్లల కళ్ల డాక్టరు కావడానికి చదువుతున్న ఆ కోడలికి నవ్వు రాలేదు. పాప ఎదురుగా మోకాళ్ల మీద కూర్చుని, ఎడమచెయ్యి చాపి పాప కుడికన్ను మూసింది. పాప బొమ్మకుక్క చెవి నములుతూ, రెండో కంటితో నింపాదిగా అమ్మను చూసింది. ఆ చెయ్యి తీసేసి, కుడిచెయ్యి చాపి ఎడమకన్ను మూసింది. ఇల్లెగిరిపోయేలా ఏడుపు.

పొద్దున క్లాసులో చూపించిన కేసు అచ్చం ఇలాగే ఉంది. ఆ బాబుది కూడా పాప ఈడే.

"చంటిపిల్లలు నాకు కనబడటం లేదని నోరు తెరిచి చెప్పరు," అన్నారు పొద్దున పెద్ద డాక్టరు. ఎవరు ఎదురుపడ్డా ముందు జేబులోంచి టార్చి తీస్తారని స్టూడెంట్లు ఆయన్ని టార్చి మాస్టారంటారు. "చూపు లేని కన్ను మూస్తే వాళ్లకేం పట్టదు. చూపున్న కన్ను మూస్తే లోకం చీకటైపోయి ఏడుస్తారు. ఆ ఏడుపే మీకు పాఠం."

తర్వాత దీపాలార్పి బాబు కంట్లోకి వెలుతురు వేశారు. ఎర్రగా మెరవాల్సిన కనుపాప తెల్లగా, పిల్లికన్నులా మెరిసింది. "కాస్త మెల్ల ఉంటే ముద్దుగానే ఉంటుందిలే అనుకున్నామండీ," అంది వాళ్లమ్మ. మాస్టారు కాసేపు మాట్లాడలేదు. లోపల గడ్డ. ఇక అది కంటి సంగతి కాదు, ప్రాణం సంగతి.

"అత్తయ్యా, దీనికి కుడికంట్లో చూపు లేదు."

"బాగుంది! మొన్న మెల్లకన్ను పాఠం విని నన్ను అన్నం దగ్గర కూర్చోనివ్వకుండా టార్చి వేశావు. అంతకుముందు ప్లంబరు రెప్ప వాలిందన్నావు. పాపం, అతనికి నిద్ర చాల్లేదంతే. చదివిన జబ్బునల్లా ఇంట్లో వెతికితే ఎలా అమ్మాయ్?"

ఆమె వినిపించుకోలేదు. టార్చి వేస్తే పాప రెప్పలు బిగించేసింది. ఫోనులో పాప ఫొటోలన్నీ పెద్దవి చేసి చూసింది. ఒకదాంట్లో కుడికంట్లో తెల్లటి చుక్క! కిటికీ వెలుతురా? మరొకటా? ఫోను చాప మీద పడేసి పాపను ఎత్తుకుంది.

అత్తగారు కోడలి మొహం చూశారు. ఇంకో మాట అనకుండా బట్టలు పక్కన పెట్టి చెప్పులు వేసుకున్నారు.

బస్సులో ఎవరో ముక్కూమొహం తెలియనాయన లేచి కిటికీ పక్క సీటిచ్చాడు. పాప వెళ్లే బండ్లను వేలితో చూపిస్తూ కేరింతలు కొట్టింది. ఏ కంటితో చూస్తోందో అని ఆమె పాప మొహం వంకే చూస్తూ కూర్చుంది.

ఆసుపత్రిలో టార్చి మాస్టారు ఇంటికి బయల్దేరుతూ సంచీ భుజానికి తగిలించుకుని ఉన్నారు. ఆమెను చూసి సంచీ దించేశారు.

"ఏమ్మా, ఏమైంది?"

"మా పాప సార్... పొద్దుటి కేసులాగే..."

"ఎలా చూశావో అలాగే చేసి చూపించు."

అత్తగారు పాపను ఒళ్లో కూర్చోబెట్టుకున్నారు. ఆమె ఎడమచేత్తో కుడికన్ను మూసింది. పాప పలకలేదు. కుడిచేత్తో ఎడమకన్ను మూసింది. పాప వెనక్కి విరుచుకుని ఏడ్చింది.

"చూశారా సార్?"

ఆయన చల్లగా తగలకూడదని అరచేతులు రుద్దుకుని పాప తల నిమిరారు. ఏడుపు తగ్గాక దీపాలార్పి, కంట్లోకి చూసే పరికరంతో ఒక కన్నూ, రెండో కన్నూ, మళ్లీ మొదటి కన్నూ చూశారు. ఏమీ మాట్లాడలేదు. పొద్దున ఆ బాబు తల్లి ముందు కూడా ఆయన ఇలాగే మౌనంగా ఉండిపోయారని గుర్తొచ్చి, ఆమె చీకట్లో బల్ల అంచు పట్టుకుంది.

దీపం వెలిగింది.

"పెద్దమ్మగారూ, మీరొకసారి మూసి చూడండి."

అత్తగారు పాపను తనవైపు తిప్పుకుని ఒక కన్ను మూశారు. తర్వాత రెండోది. పాప దాగుడుమూతలనుకుని కిలకిలా నవ్వింది.

"ఇప్పుడు నువ్వు చేతులు మార్చమ్మా. ఎడమకన్నును ఎడమచేత్తోనే మూయి."

మూసింది. పాప ఊరుకుంది.

"కుడికన్నును కుడిచేత్తో."

కుడిచెయ్యి రెప్పకు తగిలిందో లేదో, పాప గుక్కపట్టి ఏడుస్తూ ఆ మణికట్టును రెండు చేతులతో పట్టుకుని లాగేసింది.

ఆమె అయోమయంగా చూసింది. "ఇది... చూపు లేని కన్ను కదా సార్?"

"కళ్లు రెండూ నిక్షేపంలా ఉన్నాయి. రెండింట్లోనూ ఎర్రటి మెరుపు సమానంగా ఉంది. రేపు చుక్కల మందు వేసి మరోసారి చూస్తాను కానీ, భయం లేదు. పాప ఏడ్చేది కన్ను చూసి కాదు, చెయ్యి చూసి. ఆ చేత్తో రోజూ ఏం చేస్తావు దాన్ని?"

"ఏం చేస్తాను సార్? అన్నం పెడతాను, జోకొడతాను. ఆ చేత్తో ఒక్క దెబ్బయినా వేసి ఎరగను!"

మాస్టారు అత్తగారి వైపు చూశారు. ఆవిడ పాప కళ్లు తుడుస్తూ మెల్లగా అన్నారు:

"రోజూ పొద్దున బ్యాగు ఎడమచేత పట్టుకుని, నువ్వు వెళ్లేది చూస్తే ఏడుస్తుందని, ఆ కుడిచేత్తోనే కదమ్మా దాని కళ్లు మూసి గుమ్మం దాటేస్తావు."