సందుపళ్ళ ఫోటో

"నుదుటిని ఒక చేత్తో గట్టిగా పట్టుకో. రెండో చేత్తో పై పళ్ళు పట్టుకుని నెమ్మదిగా కదుపు," అన్నాడు సర్జను.

జూనియర్ డాక్టరమ్మ కదిపింది. పళ్ళతోపాటు ముక్కు కదిలింది. ముక్కుతోపాటు చెంపలు, కళ్ళ చుట్టూ ఎముకలు, అన్నీ ఒక్కటిగా కదిలాయి. ఆమె చటుక్కున చెయ్యి తీసేసింది.

"పళ్ళ వరుస ఒక్కటే కదిలితే మొదటి రకం విరుపు. ముక్కు కూడా వస్తే రెండోది. ఇలా ముఖమంతా పుర్రె నుంచి ఊడి వచ్చేస్తే?"

"మూడోది సార్."

"అది చాలదన్నట్టు అంగిలి కూడా నిలువునా చీలింది."

విరిగిన ముఖాలు నిలబెట్టడంలో ఆయనది అందె వేసిన చెయ్యి. వార్డులో చాటుగా ఆయన్ని తాపీమేస్త్రి అంటారు. ఆ సంగతి ఆయనకూ తెలుసు, తెలియనట్టు తిరుగుతాడు. అంతటి మేస్త్రికి కూడా ఈ ముఖం చూశాక గుండె జారింది.

సరుకుల లారీని వంతులవారీగా నడిపే ఇద్దరు డ్రైవర్లలో ఇతనొకడు. ఇద్దరిదీ దాదాపు ఒకే వయసు. లారీ వంతెన గోడను గుద్దుకుంది. రెండోవాడు అక్కడికక్కడే పోయాడు, శవాన్ని ఎవరో వచ్చి తీసుకెళ్ళారట. ఇతని గొంతులో గొట్టం వేసి ఊపిరి నిలబెట్టారు గానీ, అయినవాళ్ళు సంతకం పెడితే తప్ప ఆపరేషన్ కుదరదని ఆఫీసువాళ్ళు భీష్మించుకున్నారు. రెండు వారాలు దాటితే ఎముకలు వంకరగానే అతుక్కుపోతాయి. ఆ తర్వాత నమలడం, మాట్లాడడం అన్నీ తంటాలే.

నాలుగో రోజున తల్లి వచ్చింది.

"ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నారమ్మా?" అన్నాడు సర్జను కటువుగా.

"పని పడింది బాబూ," అందామె తలొంచుకుని. "కాగితం ఏదీ? తల్లినని రాసుకోండి."

కొడుకు చావుబతుకుల్లో ఉంటే అంతకన్నా ముంచుకొచ్చిన పనేమిటో! ఆమె అప్పటికే సంతకం పెట్టేసింది.

"పాత ఫోటో ఒకటి కావాలి. పళ్ళు కనపడేలా నవ్వుతున్నది."

"ఫోటో తప్పదా బాబూ?"

"ముఖం ఎలా ఉండేదో తెలియకుండా గుడ్డెద్దు చేలో పడ్డట్టు పని చెయ్యమంటారా?"

ఆమె చాలాసేపు తటపటాయించి, సంచిలోంచి ఫోటో తీసి ఇచ్చింది. ఇస్తూ ఆయన రెండు చేతులూ పట్టేసుకుంది. "వీణ్ణి బతికించండి. తిండి తినేలా, నలుగురిలో తిరిగేలా చెయ్యండి. మీకు పుణ్యముంటుంది."

ఆమె మీద కోపగించుకున్నందుకు సర్జను సిగ్గుపడ్డాడు.

వాపు తగ్గాక ఆపరేషన్ మొదలుపెట్టారు. ఫోటోలో కుర్రాడు హాయిగా నవ్వుతున్నాడు. ముందు పళ్ళ మధ్య బియ్యపుగింజ పట్టేంత సందు. బల్ల మీదున్న మనిషికి ఆ సందు లేదు.

"అంగిలి చీలినప్పుడు రెండు ముక్కలూ లోపలికి జరిగి సందు మూసుకుపోయింది," అని సర్జను తేల్చేశాడు. ముక్కల్ని ఎడం చేసి, ఫోటోలో ఉన్నంత సందు తెచ్చి తీగ బిగించాడు.

"సార్, కింది పళ్ళు ఎక్కడా కలవట్లేదు."

తీగ విప్పాడు. మళ్ళీ ఎడం చేశాడు. మళ్ళీ కలవలేదు. మూడోసారికి రక్తం ధారకట్టింది.

"రక్తపోటు పడిపోతోంది. ఇంకెంతసేపు?" అన్నాడు మత్తు డాక్టరు.

సర్జనుకు ఏం చెయ్యాలో పాలుపోలేదు. ఇరవై ఏళ్ళ అనుభవం చేతుల్లోంచి జారిపోయింది. ఈ కుర్రాడు తన చేతుల్లోనే పోతాడని, బయట కూర్చున్న ఆ తల్లికి ముఖం చూపించలేనని భయం పట్టుకుంది.

"సార్, ఏమీ అనుకోకండి," అంది జూనియర్. "ఫోటోని పక్కనపెట్టి అరుగుదల చూసి కలిపితే?"

ఏళ్ళ తరబడి నమిలిన పళ్ళు ఒకదాన్నొకటి అరగదీసుకుంటాయి. ఆ గుర్తులు అబద్ధం చెప్పవు. సర్జను ఆ గుర్తులకు గుర్తులు కలిపి దవడ మూశాడు. పెట్టెకు మూత పడ్డట్టు పళ్ళు కలిసిపోయాయి.

మధ్యలో సందు లేదు. అసలెప్పుడూ లేదు.

ఇద్దరూ ఒకేసారి ఫోటో వైపు చూశారు.

"సార్, అయితే ఈ ఫోటోలో ఉన్నది..."

"ముందు ఎముకలు బిగించే ప్లేటు అందివ్వు," అన్నాడాయన. మరో మూడు గంటలు ముక్క తర్వాత ముక్క బిగిస్తూనే ఉన్నాడు.

ముక్కలైన ముఖాన్ని నిలబెట్టడం ఆయనకు చేతనవును. నీ కొడుకు పోయాడని ఒక తల్లికి చెప్పడం చేతకాదు. బయటికి వచ్చే ఆ పది అడుగులూ ఆయన ప్రాణం తోడేశాయి.

"తినగలడా బాబూ?" ఆమె లేచి నిలబడింది.

"కొన్ని వారాలు నోరు కట్టేసి ఉంచాలి. తర్వాత అన్నీ తింటాడు."

"నలుగురిలో తిరగగలడా?"

"తిరుగుతాడమ్మా."

ఆమె గోడకు ఆనుకుని భోరున ఏడ్చేసింది. ఆ సంతోషం చూసేసరికి సర్జనుకు చెప్పాలనిపించలేదు. అయినా దాచే విషయం కాదు.

"అమ్మా, ఘోరమైన పొరపాటు జరిగింది. లోపలున్నది మీ అబ్బాయి కాడు. ఆ రెండో అతను, ఆ రోజు చనిపోయిన అతను..."

ఆమె కళ్ళు తుడుచుకుంది.

"మావాణ్ణి పూడ్చిపెట్టే వచ్చాను బాబూ, వీడికి సంతకం పెట్టే దిక్కు లేదని."