రెండంగుళాల బట్ట

"చప్పుడు మన మగ్గానిదే. ఇలా తడబడే చెయ్యి మాత్రం నాది కాదు," అన్నాడు కోటిలింగం, గుణదల స్టూడియోలో హెడ్‌ఫోన్స్ తీస్తూ.

కూతురు రాజేశ్వరి పాట ఆపేసింది. తమ స్కా-పంక్ రాక్ బ్యాండ్ రెండో ఆల్బమ్‌లో, మగ్గం చప్పుడే తాళంగా సాగే మొదటి పాట అది.

"ఆడించి రికార్డు చేసింది నేనే నాన్నా."

"ఎప్పుడే?"

"నువ్వు గుడికెళ్ళినప్పుడు... అమావాస్య నాడు."

నేతగాళ్ళు మగ్గం ముట్టకూడని రోజది. ఆయన మొహం పాలిపోయింది.

"తిరిగొచ్చేసరికి రెండంగుళాల బట్ట పెరిగుంది. అమ్మవారే నేసిందనుకుని రోజూ మగ్గానికి హారతిస్తున్నానే!"

నాన్న నమ్మకాన్ని తనే తెంచేసిందా?

"పాట తీసేయమంటావా నాన్నా?"

ఆయన హెడ్‌ఫోన్స్ చేతిలోకి తీసుకున్నాడు.

"ఎందుకే? ఇచ్చిన హారతి వెనక్కి తీసుకుంటామా?" అంటూ మళ్ళీ హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నాడు.