పక్కన ఒక మనిషి

"ఒంటిచేతి మనిషిని తెచ్చి ప్రెస్సు మీద కూర్చోబెట్టమంటావా? మతుండే మాట్లాడుతున్నావా?"

యజమాని గొంతు పెరిగేసరికి షెడ్డులో మిగతా మిషన్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

"ఒక్కసారి చూడండి సార్. చూశాక కూడా కాదంటే మళ్ళీ నోరెత్తను" అన్నాడు స్పానర్.

అతని అసలు పేరు జీతాలిచ్చే గుమాస్తాకి తప్ప ఎవరికీ గుర్తులేదు. వెనక జేబులో స్పానర్ లేకుండా అతన్ని చూసినవాడు లేడు. పెళ్ళి ఫొటోలో కూడా అది జేబులోంచి తొంగిచూస్తూనే ఉంటుందని షెడ్డులో చెప్పుకుంటారు. దేవుడు అతనికి నోరూ ఇచ్చాడు, చేతులూ ఇచ్చాడు. ఎప్పుడు ఏది వాడాలో చెప్పడం మాత్రం మర్చిపోయాడు.

ఇవాళ రెండూ వాడుతున్నాడు, వాళ్ళ బావ కోసం. గిన్నెలకి మూతలు తయారుచేసే, ఇద్దరూ కలిసి నడిపిన ఈ ప్రెస్సే బావ కుడిచేతిని మణికట్టుదాకా మింగేసింది. కట్లు విప్పారు గానీ పనిలోకి రమ్మని ఎవరూ కబురు పెట్టలేదు. అక్క ఇప్పటికే ఆ ఇంటా ఈ ఇంటా బట్టలు ఉతుకుతోంది. ఇవాళ యజమాని కాదన్నాడంటే బావకి ఈ గేటు మూసుకుపోయినట్టే.

"ఇదివరకు రేకు బిళ్ళ పెట్టడానికి ఒకరు, ఆ బరువు హ్యాండిల్ లాగడానికి ఒకరు కావలసి వచ్చేది సార్. ఇప్పుడు హ్యాండిల్ తీసేశాను. కాలితో పెడల్ తొక్కితే చాలు. ఈ జాలీ మూస్తేనే పై అచ్చు కిందకి దిగుతుంది, తెరిచి ఉంటే కదలదు. చెయ్యి పెడదామన్నా పట్టదు."

"మాటలకేం, కోటలు దాటతాయి. తొక్కమను, చూద్దాం" అన్నాడు యజమాని.

బావ స్టూలు మీద కూర్చున్నాడు. స్పానర్ పక్కన నిలబడి రేకు బిళ్ళ అందించాడు. బావ ఎడంచేత్తో దాన్ని అచ్చులో పెట్టాడు, మోచేత్తో జాలీ మూశాడు, తొక్కాడు. మూత వచ్చింది. ఇంకొకటి. ఇంకొకటి. అంచులు కోసి పెట్టినట్టున్నాయి.

యజమాని ఒక మూత తీసి వెలుతురులో తిప్పి చూశాడు. ముడిపడ్డ కనుబొమలు కాస్త విడివడ్డాయి.

"బిళ్ళలు అయిపోతున్నట్టున్నాయి. వెళ్ళి ఇంకో కట్ట పట్రా" అన్నాడు స్పానర్‌తో.

స్పానర్ గోడౌన్‌లోకి పరిగెత్తాడు. కట్ట ఎత్తబోతూ ఆగిపోయాడు. అవతల ప్రెస్సు ఆగలేదు. పక్కన తను లేకపోయినా నడుస్తోంది! బావే బిళ్ళ తీసుకుంటున్నాడు, బావే తొక్కుతున్నాడు. స్పానర్‌కి ఏనుగెక్కినంత సంబరమైంది. ఈ మాట అక్కకి ఎలా చెప్పాలా అని అప్పుడే ఆలోచన కూడా మొదలుపెట్టాడు.

అతను తిరిగొచ్చేసరికి యజమాని ప్రెస్సు పక్కనే షెడ్డు మేస్త్రీ భుజం మీద చెయ్యేసి ఏదో చెబుతున్నాడు. మేస్త్రీ తల ఊపుతున్నాడు. యజమాని మొహంలో నవ్వు కూడా ఉంది. ఇంకేం, గట్టెక్కినట్టే అనుకున్నాడు స్పానర్.

అప్పుడే బిళ్ళ వంకరగా పడింది. మూత చీలింది.

"పర్లేదు బావా, ఇంకోటి పెట్టు."

రెండోదీ చీలింది. మూడోది అచ్చులోంచి జారి కిందపడి దొర్లుకుంటూ యజమాని బూటుకి తగిలింది. బావ పెడల్ మీంచి కాలు తీసేసి లేచి నిలబడ్డాడు.

"నావల్ల కాదు సార్. ఒక్కణ్ణే చెయ్యలేను. పక్కన వీడుండాలి."

"ఇప్పటిదాకా చేశావుగా బావా! సార్, కంగారుపడుతున్నాడు, ఇంకొక్కసారి..."

"చెయ్యలేనంటున్నానా?" బావ గొంతు పెంచాడు. "వీడు బిళ్ళ అందిస్తేనే నా చెయ్యి ఆడుతుంది. లేకపోతే సరుకంతా పాడుచేస్తాను."

యజమాని మొహంలో నవ్వు ఆరిపోయింది. చీలిన మూతల వంక చూశాడు, మేస్త్రీ వంక చూశాడు.

"నేను ముందే అనుకున్నాను. సరే, పాత మనిషివి, తీసేశానన్న పాపం నాకెందుకు? రేపట్నుంచి ప్రెస్సు మనిషి వీడు. నువ్వు వీడికి చేతికింద ఉండు."

"అలాగే సార్" అని బావ తల వంచాడు. ఆ షెడ్డులో సగంమందికి ప్రెస్సు పని నేర్పినవాడు. స్పానర్‌కి మొట్టమొదట బిళ్ళ పట్టుకోవడం నేర్పింది కూడా అతనే.

స్పానర్ బయట కొళాయి దగ్గరిదాకా ఎలాగో నోరు బిగబట్టాడు. అక్కడ ఇక ఆగలేకపోయాడు.

"నోటిదాకా వచ్చిన ముద్ద చేతులారా జారవిడిచావు కదయ్యా! అంత పిరికివాడివని తెలిస్తే ఆ పెడల్ చేసేవాణ్ణే కాదు. పని నేర్పినవాడివి, పోయి పోయి నా చేతికింద పనిచేస్తావా? అక్కకి ఏం చెప్పను?" అతనికి ఏడుపొచ్చేసింది.

బావ ఉన్న ఒక్క చేత్తో కొళాయి కట్టేసి, తడి చెయ్యి లుంగీకి తుడుచుకున్నాడు.

"నువ్వు బిళ్ళలకి వెళ్ళినప్పుడు మేస్త్రీతో యజమాని ఏమన్నాడో వినలేదురా నువ్వు."

"ఏమన్నాడు?"

"'ఇంక వీడొక్కడు చాలు, సాయంత్రం ఆ స్పానర్‌గాణ్ణి పంపించెయ్' అన్నాడు."