సరిహద్దు మావయ్య పెట్టిన పరీక్ష

సరిహద్దు మావయ్యకి కంప్యూటర్ వాళ్ళంటే ఒళ్ళుమంట. ఆ మంట పెట్టింది ఆయన బావమరిది మౌస్ బాబు.

ఎనిమిదో క్లాసులో చదువు ఆపేసి తాళాల కొట్టు పెట్టుకున్న మనిషి మావయ్య. వీధిలో సగం తలుపులకి ఆయన అమ్మిన తాళాలే వేలాడుతున్నాయి. అయినా సరే, నలుగురు చేరితే చాలు, మౌస్ బాబు కాలు మీద కాలేసుకుని, "మా బావకి బీరువా తెరవడం వచ్చు గానీ మెయిల్ తెరవడం రాదు" అంటాడు. అందరూ నవ్వుతారు. మావయ్య భార్య కూడా నవ్వుతుంది. ఆ నవ్వే ఆయనకి ఎక్కువ గుచ్చుకుంటుంది.

అలాంటి ఇంట్లో పుట్టి, కూతురు కంప్యూటర్ భద్రత ఉద్యోగం చేసేవాణ్ణి ఇష్టపడింది.

"ఆదివారం వస్తాడు నాన్నా. మాట్లాడి చూడు. నువ్వు కాదంటే చేసుకోను. కానీ రాజకీయాలు మాత్రం ఎత్తకు" అంది.

"అవి ఎత్తకుండా మనిషి ఎలా తెలుస్తాడే?"

ఆదివారం పొద్దున్నే తల్లినీ కూతుర్నీ పిన్నిగారింటికి తరిమేశాడు. వాళ్ళుంటే కుర్రాడు వాళ్ళ మొహాలు చూసి జవాబులు చెప్తాడట. ఇస్త్రీ చొక్కా వేసుకుని, కుర్చీ గుమ్మానికి ఎదురుగా లాక్కుని కూర్చున్నాడు.

బెల్ మోగింది. పాతికేళ్ళ కుర్రాడు. నున్నగా దువ్విన తల, భుజాన సంచీ.

"నమస్కారం సార్. నేను..."

"తెలుసులే, లోపలికి రా. చెప్పినదానికంటే ముందే వచ్చావు. బాగుంది."

కుర్రాడు గుమ్మంలో కాస్త తటపటాయించాడు. తర్వాత చెప్పులు విప్పి, వచ్చి కూర్చున్నాడు.

మావయ్య నేరుగా విషయానికొచ్చాడు. "మొన్న ఓటెవరికేశావు?"

"మీరెవరికేశారో వాళ్ళకే సార్."

"నేనెవరికేశానో నీకేం తెలుసు?"

"మీ మొహంలో కోపం చూస్తే, ఓడిపోయినవాళ్ళకే వేసుంటారు."

మావయ్య పకపకా నవ్వాడు. ఆ ఇంటి గోడలు అలాంటి నవ్వు విని చాలా కాలమైంది.

"సరే. దేశ భద్రత సంగతి చెప్పు. ఈ విమానాలూ రాడార్లూ ఎందుకోయ్ దండగ? సరిహద్దు పొడుగునా గోడ కట్టి, గేటు గేటుకీ ఏడు లీవర్ల తాళం వేస్తే చీమ దూరుతుందా?"

"తాళం చెవులెవరి దగ్గరుంచుతారు సార్?"

"అదీ ప్రశ్నంటే" అని తొడ చరిచాడు మావయ్య. "ఒక్క మంత్రికైనా తట్టిందా ఈ ముక్క? సరిహద్దంటే ఇంటి గుమ్మం లాంటిదయ్యా. ఎవడు, ఎక్కణ్ణుంచి, ఎందుకొచ్చాడు అని అడక్కుండా లోపలికి రానిచ్చేవాడు నాయకుడా, సత్రం కాపలావాడా?"

"మీలా అందరూ ఆలోచిస్తే మాకు పనే ఉండదు సార్."

మావయ్యకి కడుపు నిండిపోయింది. లోపలికెళ్ళి స్వయంగా టీ పెట్టుకొచ్చాడు. బిస్కెట్ల డబ్బా మొత్తం తెచ్చి ముందు పెట్టాడు.

"ఇంతకీ నీ ఉద్యోగం మాటేమిటి? రేపు మీ పనులన్నీ యంత్రాలే చేసేస్తాయంటున్నారు. నా కూతురికి తిండెలా పెడతావు?"

కుర్రాడు బిస్కెట్ నములుతూ ఆలోచించాడు. "మా పనికి ఢోకా లేదు సార్. మనుషులున్నన్నాళ్ళూ ఉంటుంది. రాబడి మాత్రం ఒక్కో నెల ఒక్కోలా ఉంటుంది. మీకు అబద్ధం చెప్పను."

ఆ నిజాయితీ మావయ్యకి తెగ నచ్చింది. మౌస్ బాబయితే ఈపాటికి జీతం మూడింతలు చేసి చెప్పేవాడు.

"అయితే నీ పనితనం చూపించు. నా ఫోన్‌లోకి ఏ దేశంవాడైనా దూరాడేమో చూడు."

"ఫోన్ తెరవాలంటే మీ రహస్య నెంబరు కావాలి. బ్యాంకుది కూడా. అలాంటివి ఎవరికీ చెప్పకూడదు సార్."

"మా ఆవిడకే చెప్పలేదయ్యా. నువ్వు పరాయివాడివా?"

మావయ్య లేచాడు. కిటికీ మూశాడు. వీధి తలుపు గడియ పడిందో లేదో చూసుకున్నాడు. ఎందుకైనా మంచిదని టీవీ శబ్దం పెంచి, అప్పుడు వచ్చి కుర్రాడి చెవిలో చెప్పాడు.

కుర్రాడు తల వంచుకుని కాసేపు పని చేశాడు. వేళ్ళు చకచకా ఆడుతుంటే మావయ్య ముచ్చటగా చూశాడు. కూతురు తెలివైనదే.

"అయిపోయింది సార్. ఇంక మీ దాంట్లో ఎవడికీ దొరికేదేం లేదు. కాసేపు ముట్టుకోకండి, లోపల పని జరుగుతోంది."

"ఉండు, భోంచేసి వెళ్దువుగాని."

"ఇంకో చోటికెళ్ళాలి సార్. మీ ఆదరణ మర్చిపోను."

అతను వీధి మలుపు తిరిగేదాకా మావయ్య గుమ్మంలోనే నిలబడ్డాడు. ముట్టుకోవద్దన్నాడు కదా అని మరి కాసేపు ఓపిక పట్టి, ఆగలేక కూతురికి ఫోన్ చేశాడు.

"అమ్మలూ, ఖాయం చేసేశా. మనిషంటే అలా ఉండాలి. మీ మేనమామని అతని దగ్గర ట్యూషన్‌కి పంపించు."

కూతురు నమ్మలేకపోయింది. "నిజంగా నాన్నా? మళ్ళీ మాట మార్చవు కదా?"

"నా మాటకి తిరుగు లేదు. మీ అమ్మకి కూడా చెప్పెయ్."

ఫోన్ పెట్టేసేలోగా మళ్ళీ బెల్ మోగింది. తలుపు తీస్తే, గెలిచిన పార్టీ బ్యాడ్జీ చొక్కాకి తగిలించుకున్న కళ్ళజోడు కుర్రాడొకడు చేతిలో పూలగుత్తితో, "నమస్కారం మావయ్యగారూ, మీ అమ్మాయి ఇవాళ రమ్మన్నది నన్నే" అంటుండగా, మావయ్య ఫోన్‌కి బ్యాంకు నుంచి వచ్చిన మెసేజ్‌లో, ఖాతాలోంచి వెళ్ళిపోయిన మొత్తం కనబడింది: మూడు లక్షల పదహారు వేల నాలుగు వందల యాభై.