ఎగరని పిట్ట

రికార్డింగు గది అద్దం అవతల నిలబడ్డ ఆ పెద్దమనిషి పొద్దుట్నుంచి కూతురి మీంచి చూపు తిప్పలేదు.

తల్లి అది గమనిస్తూనే ఉంది.

బొమ్మల సినిమాకి వయొలిన్ వాయించమని కూతురికి పిలుపొచ్చింది. ముందు సంగీతం రికార్డు చేసుకుంటారట, దానికి తగ్గట్టు తర్వాత పిట్ట బొమ్మ గీస్తారట. ఏ బొమ్మైతేనేం, పిల్లని ఒంటరిగా పంపే ధైర్యం తల్లికి లేదు. కీడెంచి మేలెంచమన్నారు. మంచినీళ్ల సీసా, చలికోటు పట్టుకుని తనూ వచ్చేసింది.

"నువ్విలా తలుపు దగ్గర కాపలా కూర్చుంటే నాకు సిగ్గేస్తోందమ్మా," అంది కూతురు.

"వేస్తే వెయ్యనీ. ఆయనెవరే, కళ్లప్పగించి చూస్తున్నాడు?"

"ఏమో. నువ్వూరుకో."

చివరి పాట మిగిలింది. పిట్ట మొదటిసారి గూడు వదిలి ఎగిరేది దానికేనట. చాలా మెల్లని పాట, వయొలిన్ మీద కమాను కదిలీ కదలనట్టుంది. రికార్డింగుకి ముందు కూతురు కళ్లు మూసుకుని ఒకసారి వాయించి చూసుకుంటోంది.

ఆ మనిషి గదిలోకి వచ్చాడు. దగ్గరికెళ్లి, కూతురి మెడ వైపు చెయ్యి చాచాడు.

తల్లి ఒక్క ఉదుటున లేచి ఆ చేతిని విసిరికొట్టింది.

"తండ్రి వయసొచ్చింది, బుద్ధుండక్కర్లా? ఆడపిల్ల కనిపిస్తే చాలా?"

కమాను ఆగిపోయింది.

అతను వెనక్కి తగ్గాడు. ఆవిడ ముఖంలోకి చూసి, చిన్నగా నవ్వి, తల వంచాడు.

"చూడు, ఇన్నేసి మాటలంటుంటే నవ్వుతాడు! దున్నపోతు మీద వాన కురిసినట్టు!"

రికార్డిస్టు పరిగెత్తుకొచ్చాడు. "అమ్మగారూ, ఆయన..."

"ఆయనెవరైతే నాకేం! ఆయనుంటే మా పిల్ల వాయించదు."

రికార్డిస్టు ఆ మనిషి భుజం తట్టి బయటికి తీసుకెళ్లాడు.

పాట రికార్డు చేసి ఇంటికెళ్లే దారిలో కూతురు అన్నది ఒకటే మాట. "పరువు తీశావమ్మా."

"పోతే పోయింది వెధవ పరువు. పిల్ల దక్కింది, అది చాలు."

సినిమా పూర్తయ్యాక స్టూడియోలోనే వేసి చూపించారు. తెర మీద పిట్ట అచ్చం కూతురిలాగే ఊపిరి బిగపట్టింది. కమాను సాగినంత మేరా దాని మెడ సాగింది.

"అమ్మా, అది నేనే!" కూతురు తల్లి చెయ్యి నొక్కింది.

తల్లికి కళ్లు చెమర్చాయి. ఎంత చక్కటి చెయ్యో గీసినవాళ్లది!

చివరి పాట వచ్చింది. పిట్ట గూటి అంచున కూర్చుంది. పాట అయిపోయింది. పిట్ట కదల్లేదు.

తల్లి ప్రాణం ఉసూరుమంది. పక్కనున్న రికార్డిస్టుని అడిగింది. "ఎగరలేదేం బాబూ?"

"గీసింది ఆయనేనమ్మా. ఆ రోజు మీరు... ఆ పాట తనకి అందలేదట. అందని పాటకి రెక్కలు గీయనన్నారు."

విసిరికొట్టిన చేతిని తల్లి ఒళ్లో దాచుకుంది. తల ఎత్తకుండానే గొణిగింది.

"రికార్డు మీ దగ్గరే ఉందిగా నాయనా? మళ్లీ పెట్టుకుని వినుండాల్సింది."

"మీ అమ్మాయిని ఇంకోసారి పిలుద్దామన్నా ఒప్పుకోలేదు, ఆ తల్లిని మళ్లీ భయపెట్టొద్దన్నారు," అన్నాడు రికార్డిస్టు. "పుట్టు చెవుడమ్మా ఆయనకి, మిగతావి కమాను కదలిక చూసి పట్టుకున్నారు, ఈ మెల్లని పాట మాత్రం వాయించేటప్పుడు వయొలిన్ చెక్క మీద వేళ్లు ఆనిస్తేనే తెలిసేది."