ఏడో నంబరు కాగితం

"కండ్లు మూసుకో అన్నా. ఇప్పుడు ఏ వేలు పట్టుకున్ననో చెప్పు."

"పట్టుకున్నవా?" అన్నాడు ఎల్లేష్.

ప్రణీత అతని కుడికాలి బొటనవేలు పట్టుకుని అప్పటికే నిమిషం దాటింది. దాన్ని వదిలేసి ఎడమకాలి చిటికెనవేలు పట్టుకుంది.

"ఇప్పుడు?"

"ఏమో. నువ్వే చెప్పాలె."

ఆమె కాగితం మీద రెండు సున్నాలు వేసింది.

ఎల్లేష్ నకిరేకల్ దగ్గరి ఊళ్లో కల్లు గీసేవాడు. నాలుగేళ్ల కిందట మోకు జారి తాటిచెట్టు మీది నుంచి పడ్డాడు. అప్పటికి ముప్పై ఒక్కేళ్లు. నడుము కింద స్పర్శ పోయింది. హైదరాబాదులో ఒక దవాఖాన వాళ్లు సర్కారు నిధులతో ఏదో పరిశోధన చేస్తున్నారని తెలిసి, భార్య మమత కిరాయి కారులో పడుకోబెట్టి తీసుకుపోయింది. అతని తుంటి ఎముకలోంచే మూలుగ తీసి, అందులోని మూలకణాలు వేరుచేసి వెన్నులోకి ఎక్కించారు. అలా ఎక్కించిన పన్నెండు మందిలో అతనిది ఏడో నంబరు. ప్రజల సొమ్ముతో జరిగే పని కాబట్టి, ఐదేళ్ల పాటు మూడు నెలలకోసారి ఒక్కొక్కరినీ పరీక్షించి ఢిల్లీకి నివేదిక పంపాలని నిబంధన. ఆ పరీక్ష చేసి రాసుకోవడానికి దవాఖాన వాళ్లు నియమించిన ప్రణీత నల్లగొండ నుంచి వస్తుంది.

"ఆదివారం గూడ డ్యూటీనేనా చెల్లె?"

"ఆదివారమైతేనే నాకు వీలైతది అన్నా."

గుండుసూదితో అరికాలు గుచ్చింది. గోడకు ఆనుకుని నిల్చున్న మమత మొహం తిప్పుకుంది. ఎల్లేష్ మొహంలో మాత్రం ఏమీ మారలేదు. ఇంకో సున్నా.

"అన్నీ సున్నాలేనా?" మమత ఇక ఆగలేకపోయింది. "మొన్న దుప్పటి కప్పుతుంటే కాలు ఎగిరింది ప్రణీతా. నా కండ్లతోటి సూసిన. గది రాయి."

"అది దానంతటదే గుంజుకునుడు వదినా. అన్న కదిలిస్తే కదిలింది కాదు."

"ఎట్లనో అట్ల కదిలింది కదా! జర మంచిగ రాస్తే ఇంకో సూది ఇస్తరేమో. ఎప్పుడు సూసినా మార్పు లేదు, మార్పు లేదు అని రాస్తే వాళ్లు మాత్రం ఏం జేస్తరు?"

"ఉన్నది ఉన్నట్టే రాయి చెల్లె," అన్నాడు ఎల్లేష్. "నాకు ఫాయిద కాలే. గదిగూడ వాళ్లకు తెల్వాలె కదా. ఏడో నంబరోనికి కాలేదంటే ఇంకో తీరుగ జేసి సూస్తరు. మొన్న పానగల్ దిక్కు ఒకాయన పడ్డడంట. పెండ్లయి ఏడాది గూడ కాలే. నడుము పోయిందంట. ఆయనకన్న పనికిరావాలె."

ఎల్లేష్ తల కొంచెం ఎత్తి కాగితం వైపు చూశాడు.

"ఢిల్లీల ఎవరు సూస్తరు గివి?"

"కమిటీ ఉంటది అన్నా. పెద్ద డాక్టర్లు."

"నా పేరు కనవడుతదా?"

"పేరుండదు. నంబరే."

"ఏడు," అనుకున్నాడు పైకే. ఆ మధ్యాహ్నం అతను నవ్వింది అప్పుడొక్కసారే.

చివరి ప్రశ్న అడిగేటప్పుడు ప్రణీత ఎప్పుడూ తలెత్తదు. "ఈ మూడు నెలల్ల ఎప్పుడన్న చచ్చిపోవాలె అనిపించిందా?"

"రెండుసార్లు. రాయి."

మమత లోపలికి వెళ్లిపోయింది. వంటింట్లో గిన్నె కింద పెట్టిన చప్పుడైంది. తర్వాత పెరటి తలుపు తీసిన చప్పుడు.

"మల్ల ఎట్ల ఆగినవ్ అన్నా?"

"నువ్వే అన్నవు కదా, నడుమ ఒక్కరు తక్కువైనా లెక్క తప్పుతదని. పన్నెండు మందికి ఐదేండ్లు నిండాలెనాయె. ఇంక ఆరు కాగితాలున్నయి నాయి."

ప్రణీత కాగితాలు సర్దుకుని బయటికి వచ్చింది. మమత వాకిట్లో నిలబడి ఉంది. కళ్లు తుడుచుకున్నట్టుంది, కొంగు తడిసింది.

"పోయినసారి నువ్వు ఎనిమిది రోజులు ఆలస్యం జేస్తివి," అంది మెల్లగా. "ఆ ఎనిమిది రోజులు మనిషి అన్నం ముట్టలే. గోడ దిక్కు తిరిగి పండుకున్నడు. నా నంబరు తీసేసిన్రేమో అన్నడు. నేనున్న, పిల్లలున్నరు... మేం యాదికే రాం ఆయనకు. గీ కాగితం కోసమే బతుకుతుండు."

"ఇంకోసారి ఆలస్యం చెయ్య వదినా."

"మరి ఐదేండ్లు నిండినంక?"

ప్రణీత వంగి చెప్పులు తొడుక్కుంది. అవి తొడుక్కోవడానికి చాలాసేపు పట్టింది.

"చెల్లె!" లోపలి నుంచి ఎల్లేష్ కేకేశాడు. "సంతకం మర్శినవ్!"

ఆమె మళ్లీ లోపలికి వెళ్లింది. ఎల్లేష్ కాగితాన్ని ఛాతీ మీద అట్ట పెట్టుకుని సాపు చేశాడు. సున్నాలన్నీ పైనుంచి కిందికి ఒకసారి చూసుకున్నాడు. ఒక్కో అక్షరం దిద్దినట్టు పేరు రాశాడు, ఒత్తు సరిగా పడలేదని మళ్లీ దిద్దాడు.

"జల్ది పంపు. మన దిక్కుకెళ్లి ఆలస్యం కావద్దు."

"రేపే పంపుత అన్నా."

బస్సులో కిటికీ పక్కన కూర్చుని ప్రణీత ఆ కాగితాన్ని మొదటి నుంచి చివరిదాకా చదివింది. ఎక్కడా తప్పు లేదు.

దవాఖాన నుంచి నివేదికలు అందలేదని సర్కారు ఆ పరిశోధనను మూసేసినట్టు ఆమెకు కబురు వచ్చి అప్పటికి రెండేళ్లయింది.