బస్సులో పొద నల్లంచి

సింహాచలం బస్సు హనుమంతవాక దాటింది. లోపల ఇసకేస్తే రాలనంత జనం.

ఉన్నట్టుండి ఎక్కడినుంచో ఈల వేసినట్టు ఓ పాట.

"ఎవులిదండీ ఆ సెల్లు? మోగతంది, తియ్యండి!" అని అరిచాడు కండక్టర్.

సెల్లు కాదు. నీలిమ ఒళ్ళు ఝల్లుమంది. ఆ గొంతు కోసమే ఆమె ఆదివారాలు బ్యాంకు పని మరిచిపోయి కంబాలకొండ చుట్టూ తిరుగుతుంది. పొద నల్లంచి! దట్టమైన పొదల్లో దాక్కుని పాడే అడవి పిట్ట. పాట వినడమేగాని, పిట్ట ఒక్కసారీ కంటపడలేదు.

ఇప్పుడది పాడుతున్నది ఓ ముసలాయన ఒళ్ళో, తువ్వాలు కప్పిన పంజరంలో.

"తాతా, అది అడవి పిట్ట. పంజరంలో పెట్టకూడదు, తెలుసా?"

"తెలుసమ్మా. ఇంటికాడ..."

"ఇల్లేంటి? దాని ఇల్లు అడవి!"

"అది కాదు తల్లీ, నా మాట కూసింత..."

"ఇంకేటి సెప్తావు తాతా! పిట్టలు పట్టీవోల్లందరూ ఇలాగే మాటాడతారు," అన్నాడు వెనకసీటాయన.

బస్సు బస్సంతా వంత పాడింది. పాపం, ఆ గోలలో ముసలాయన మాట ఎవరికి వినపడుతుంది!

ముడసర్లోవ స్టాపు రాగానే నీలిమ పంజరం లాక్కుని దిగేసింది. ఎదురుగా పచ్చటి కొండ. ఇంకేం కావాలి! గబగబా తలుపు తీసి, పంజరం పైకెత్తి పట్టుకుంది. కిటికీల్లోంచి జనం చప్పట్లు కొట్టారు.

"ఒగ్గీకు తల్లీ! దాన్ని ఒదిలీకు!"

ముసలాయన పడుతూ లేస్తూ దిగేలోపే పిట్ట బయటికి దూకింది. ఎగరబోయింది. ఎగరలేక రోడ్డు మీద పడింది.

వెనకొస్తున్న లారీ ఆగలేదు.

ముసలాయన దాన్ని దోసిట్లోకి తీసుకుని, రెక్క విప్పి చూపించాడు. ఈకలు సగానికి కత్తిరించి ఉన్నాయి.

"అమ్మీవోల్ల పని తల్లీ. ఎగిరిపోకండా కత్తిరించీసినారు."

నీలిమ గుండె చెరువైంది. గొంతు విని పేరు పట్టేసిన తను, ఆ రెక్కల వైపు చూడనైనా చూడలేదు.

"మరి మీరెందుకు కొన్నారు తాతా?" అంటూ భోరుమంది.

ఆయన తువ్వాల్లో పిట్టని చుట్టాడు. కళ్ళు తుడుచుకుని, ఆమె తల నిమిరాడు.

"ఏడవకు తల్లీ, ఇలాటిదే ఇంకోటి నా ఇంటికాడుంది, దానికి ఈకలొచ్చీసినాయి, రేపు కొండ మీదకి తీసుకెల్లి నువ్వే ఒగ్గుదువుగాని, రా."